నిమ్మకాయలు, ఒంటితాడు, నేను

చాయ్ చల్లారితే చల్లారనివ్వండి మిత్రులారా, ముందు ఈ మోకాలి పట్టీ వృత్తాంతం వినండి! నేను మెట్ల మీద జారిపడ్డానని కళాశాలలో ఒక వదంతి ఉన్నది. ఆ వదంతిని పుట్టించింది నేనే. జరిగింది అది కాదు. మొన్న ఆదివారం కోదాడలో, నలుగురూ చూస్తుండగా, నేను ఆకాశగమనం చేశాను. గొడ్డలి ముట్టలేదు, రంపం ముట్టలేదు, ఒక నిండు వేపకొమ్మను కేవలం కౌగిలించుకొని విరిచాను! ఇంత జరిగితే నన్ను ఓదార్చినవాడు లేడు. పైగా పని ఇచ్చారు! ఏం పని అంటారా? అక్కడికే వస్తున్నాను.

నా సంగతి మీకు తెలియనిది కాదు. సూర్యాపేటలో కాపురం, మిర్యాలగూడ కళాశాలలో తెలుగు పంతులు కొలువు. గణవిభజన తప్ప మరో విద్య ఎరుగను. దేహమా, పూర్వకవుల పురవర్ణనవలె క్లుప్తత లేనిది. ప్రాచీనమైనది ఏది కనబడినా చేతులు జోడించడం నా స్వభావం. పుస్తకం కాలికి తగిలితే కళ్ళకద్దుకుంటాను, ముహూర్తం చూడకుండా క్షౌరం కూడా చేయించుకోను. "గ్యాస్ బండ వచ్చినా తిథి అడుగుతరు ఈయన!" అని మా ఆవిడ శారద ఎత్తిపొడుస్తూ ఉంటుంది. ఎత్తిపొడుస్తుందే గానీ, నేను ఒక నియమం చెప్పానంటే దాన్ని నాకన్నా గట్టిగా పట్టుకునేది ఆమే. నా పతనానికి, క్షమించండి, నా ఉన్నతికి అదే హేతువైంది.

శారదకు ఒక తమ్ముడు, సుధాకర్. మేళ్లచెరువు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా ఉండేవాడు. ఏ గ్రహం వక్రించిందో, ఆ కొలువు మానేసి ట్రీ సర్జన్‌నని చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

"అంటే చెట్ల వైద్యుడవా నాయనా?" అని అడిగాను.

"డాక్టర్ గాదు బావా, సర్జన్. డాక్టర్ మందిస్తడు, సర్జన్ కోస్తడు."

రోజంతా ఫోనులో విదేశీయులు చెట్లెక్కే వీడియోలు చూసేవాడు. చూసి చూసి, ఒంటితాడుతో చెట్టెక్కే సామగ్రి అంతా తెప్పించాడు. మా ఇంటి వసారాలో దాన్నంతా పరిచి నాకు పాఠం చెప్పాడు. జీవితంలో నేను శిష్యస్థానంలో కూర్చోవడం అదే చివరిసారి కావాలని ఇప్పుడు కోరుకుంటున్నాను.

"ఇగో బావా, పాత పద్ధతిల తాడు రెండు పేటలుగ కొమ్మమీద జారుతుంటది. నీ బరువు నువ్వే గుంజుకోవాలె, రెక్కలు ఇరుగుతయి. ఇదేమో ఒంటితాడు. ఇది కదలది. ఒక కొస కింద మొదట్ల కడుతం, తాడు మీదికి పోయి పంగలకెళ్ళి మల్ల ఇటు దిగుతది. మనమే దాని ఎంబడి మెట్లెక్కినట్టు నడుసుకుంట పోతం."

బూటుకు ఒక పట్టు, మోకాలికి ఒక పట్టు, రొమ్ము దగ్గర ఒక పట్టు. వాటిని తాడుమీద పైకి జరిపితే జారుతాయి, కిందికి రమ్మంటే లోపలి పళ్ళు తాడును కరుచుకుంటాయి. ఉడుంపట్టు!

"మరి అవరోహణ?" అన్నాను.

"దిగేదానికి వేరే ఉంటది. మీదికి పోయినంక మార్చుకోవాలె. అది రానోడైతే కింద ఉన్నోడే మొదట్లకెళ్ళి తాడు మెల్లగ ఇడుసుకుంట దింపుతడు. గందుకే మొదట్ల ఇంత తాడు చుట్టచుట్టి పెడుతం."

వాడి ఉత్సాహం చూస్తే ముచ్చట వేసేది. కానీ ఆత్మకూరులో ఉన్న వాడి మామగారికి ముచ్చట వేయలేదు. ఆయనకు ఎరువుల దుకాణం ఉన్నది. "దసరా దాంక సూస్త. ఒక్క పెద్ద పనన్న దొరకకపోతే ఆ తాళ్ళు అమ్ముకొని వచ్చి బస్తాలు దింపు" అని అల్లుడికి గడువు పెట్టాడు. సుధాకర్‌కు యూరియా వాసన తగిలితే చాలు, తుమ్ములు మొదలై కళ్ళు వాచిపోతాయి. ఆ దుకాణమే వాడికి యమలోకం.

అటువంటి సమయంలో దొరికారు లింగయ్య గారు. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ, మూడుచోట్లా ఆయనకు ఫంక్షన్ హాళ్ళున్నాయి. కోదాడ హాలులో భోజనాల రేకులషెడ్డు మీదికి ఒక ఎండిన వేపకొమ్మ వాలి ఉన్నది. పెళ్ళిళ్ళ రోజులు. పప్పు వడ్డిస్తుంటే విస్తట్లోకి కొమ్మ వడ్డింపబడుతుందేమోనని ఆయన భయం. "ముందు ఇక్కడ చేసి చూపించు. నచ్చితే మూడు హాళ్ళ చెట్లూ నీవే" అన్నారట. సుధాకర్ పరుగున వచ్చాడు.

"బావా, నువ్వు ముహూర్తం వెట్టాలె. నువ్వే కొబ్బరికాయ కొట్టాలె. ఇది తప్పితే నేను ఎరువుల దుకాణంల పడ్డట్టే!"

పెట్టాను. దివ్యమైన లగ్నం. ఇప్పటికీ ఆ లగ్నంలో దోషం లేదనే నా అభిప్రాయం.

ఆదివారం పొద్దున్నే సుధాకర్ కిరాయికి తెచ్చిన ట్రాలీ ఆటోలో సామగ్రితోపాటు బయలుదేరాం. వెనుక సుధాకర్, ముందు నేనూ శారదా. నడిపేవాడు జాన్‌పాల్, సుధాకర్‌తో ఫ్యాక్టరీలో పనిచేసినవాడే, లారీలు నడిపి నడిపి చెయ్యి తిరిగినవాడు. సూర్యాపేట దాటకముందే చాయ్ హోటల్ కొంచెం వెనుకబడిందని బండిని వెనక్కు నడపబోయాడు.

"ఆగు నాయనా!" అన్నాను. "శుభకార్యానికి బయలుదేరిన వాహనం, ఆ కార్యం ముగిసేదాకా వెనుకకు నడవరాదు."

"రివర్స్ గేర్ వద్దా సార్?"

"వద్దు. నేడు దాని పేరే తలవకు."

నిజం చెబుతున్నాను, ఈ నియమం ఏ గ్రంథంలో ఉన్నదో నాకు తెలియదు. నోటికి గంభీరంగా వచ్చింది, అనేశాను. చాయ్ లేకుండానే సాగిపోయాం. కోదాడలో హాలు గేటు పది గజాలు దాటిపోయాం. "సార్, ఊకె ఇంత వెనకకు పోతే గేటు..." అని జాన్‌పాల్ దీనంగా చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆ పది గజాల కోసం కూరగాయల మార్కెట్టు, బస్టాండు, రైల్వేగేటు పడినంత పొడుగైన ట్రాఫిక్కు, అన్నీ ప్రదక్షిణం చేసి మళ్ళీ అదే గేటుకు వచ్చాం. శారద జాన్‌పాల్‌తో, "సార్ చెప్పిన్రంటే ఏదో ఉంటది. ఇనాలె" అన్నది. నాకు ఆనందబాష్పాలు వచ్చినంత పనైంది. అయ్యో!

వేపచెట్టు చూశాను. మహావృక్షం! మొదట్లో పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, ఎర్రగుడ్డ చుట్టి ఉన్నది. మైసమ్మ తల్లి. సుధాకర్ చిన్న ఇసుకసంచికి సన్నదారం కట్టి పైకి విసిరాడు. అది పచ్చటి పంగ మధ్యనుంచి దూరి అవతలికి దిగింది. ఆ దారం వెంట అసలు తాడు లాగి, దాని కొసను చెట్టు మొదటికి చుట్టబోయాడు.

"హరహరా! ఏమిటా పని?" అన్నాను.

"మొదట్ల కట్టాలె బావా. అదే పద్ధతి."

"అమ్మవారి కంఠానికి పాశం వేస్తావా? వీల్లేదు."

"మరి దేనికి కట్టాలె?"

నేను చుట్టూ చూశాను. చెట్టు పక్కనే మా ట్రాలీ ఆటో నిలిచి ఉన్నది, దాని వెనుకభాగం చెట్టువైపే. వెనుక లావుపాటి ఇనుపకొక్కెం. "అదిగో, కొండవలె నిశ్చలంగా ఉన్నది. దానికి కట్టు" అని సెలవిచ్చాను. సుధాకర్ తల గోక్కున్నాడు. బావ మాట కాదనలేక కొక్కేనికే బిగించాడు. మిగిలిన తాడు చుట్టను లాగి, ఎవరి కాళ్ళకూ తగలకుండా బండి కిందికి, ముందరి చక్రం వెనుకకు తోశాడు. ఎంత జాగ్రత్తపరుడో చూడండి!

కొబ్బరికాయ కొట్టాను. లింగయ్య గారు తెల్లబట్టల్లో, చేతిలో రెండు ఫోన్లతో వచ్చి నిలబడ్డారు. పెద్దమనిషి ఎదుట ఊరకే ఉండలేక, ఆ తాడు మీద ఆశువుగా ఒక ఆటవెలది అందుకున్నాను:

తాడు వంటి తోడు ధరణిలో లేదురా
పట్టు వదలకుండ పైకి తీయు
కొమ్మ మీది పిట్ట గూటికే యతిథిగా
మనిషి నంపు దివ్య మార్గమిదియె!

యతులు చక్కగా కుదిరాయి. నేను కళ్ళు తెరిచేసరికి లింగయ్య గారు తాడును రెండు వేళ్ళతో పట్టుకొని చూస్తున్నారు.

"పద్యం బాగుందండీ పంతులుగారూ. తాడే మరీ దారంలాగుంది. మా గేదె పగ్గం దీనికన్నా లావుంటది గదా!"

"ఇది మనుషులను మోసేందుకే చేసిన తాడు సార్" అన్నాడు సుధాకర్.

"నిన్నైతే మోస్తదిలేవయ్యా! నువ్వు చీపురుపుల్ల లాగున్నావు. రేపు మీవాడెవడో లావుపాటోడు ఎక్కి, తెగి, నా హాల్లో పడితే? పెళ్ళిళ్ళు జరిగే చోటు. నాకు నమ్మకం లేదు, పోనివ్వు." ఆయన రెండడుగులు వెనక్కు వేశారు. అంతలో ఆగి నన్ను ఆపాదమస్తకం చూశారు. బియ్యం మిల్లు వారు బస్తాను చూసినట్టు చూశారు. "పంతులుగారూ, మీకంత నమ్మకముంటే మీరెక్కండి. మిమ్మల్ని మోస్తే ఎవర్నైనా మోస్తది. అప్పుడు మూడు హాళ్ళూ ఇతనికే!"

సుధాకర్ నా చెవి దగ్గరికి వచ్చాడు. "బావా, ఊకె నాలుగు అడుగులు ఎక్కు. నేను కింద ఉండి దింపుత గద. నా ఇజ్జత్ నీ చేతుల ఉంది."

నేనేమనాలి? దివ్యమార్గమని నేనే అన్నాను. తెలుగుపద్యానికి నిలబడకపోతే ఇక నేనెందుకు? పంచెను గోచీగా దోపాను. సుధాకర్ నా నడుముకూ తొడలకూ పట్టీల జీను బిగించాడు. బిగించాడంటే, బిగించడానికి ప్రయత్నించాడు. పట్టీ చివరి రంధ్రం దాకా వచ్చి, ఊపిరి బిగబట్టమన్నాడు. కాలికీ మోకాలికీ రొమ్ముకూ ఆ పట్లు, తలమీద ఎర్రటి హెల్మెట్. జంధ్యం, జీను పెనవేసుకుపోయాయి. శారద ఫోను తీసి, "ఇటు సూడండి" అని ఫోటో తీసుకున్నది.

మొదటి అడుగు వేశాను. తాడు సాగినట్టయి, నిలిచింది. రెండో అడుగు. ఆహా! నేను నిలువునా నడుస్తున్నాను! మోకాలు ఎత్తగానే పట్టు పైకి జారుతుంది, కాలు తొక్కగానే అది తాడును కరుస్తుంది. ఈ వయస్సులో, ఈ కాయంతో, ఆయాసం లేకుండా గాలిలో నిలబడ్డాను. నాలుగు అడుగులన్నది మరిచాను. లింగయ్య గారి నెత్తి నాకు కనబడింది, నడినెత్తిన జుట్టు లేదని తెలిసింది. షెడ్డు రేకుల ఎత్తుకు వచ్చాను. కింద సుధాకర్ ఆయనకు వేలితో చూపిస్తూ తాడు మాహాత్మ్యం చెబుతున్నాడు. ఆయన "ఊఁ... ఊఁ..." అంటూ తల ఊపుతున్నారు. పని అయిపోయిందనే అనుకున్నాను.

సరిగ్గా అప్పుడు శారద చేతిసంచీలో చెయ్యి పెట్టింది.

"అయ్యో! నిమ్మకాయలు పెట్టుడు మర్చిపోయినం!"

కొత్తపని మొదలుపెడితే బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బండిని ముందుకు నడిపి తొక్కించాలి గదా. పొద్దున్న ముహూర్తం దాటిపోతుందని నేను తొందరపెట్టడంతో అది మరుగున పడింది. శారద గబగబా వెళ్ళి ముందరి చక్రాల కింద చెరొక నిమ్మకాయ పెట్టింది. ఆమె దృష్టి అంతా నిమ్మకాయల మీద. బండి వెనుక కొక్కేనికి ఏమున్నదో, ఆ తాడు ఎక్కడికి పోయిందో, దాని రెండో కొసన ఎవరున్నారో ఆమెకు పట్టలేదు.

"జాన్, జర ముందుకు తియ్యి."

జాన్‌పాల్ ఫోను పక్కన పెట్టి తాళం తిప్పాడు. ఇంజను మోగింది. నేను పైనుంచి ఆ దృశ్యమంతా చూస్తున్నాను. తాడు, కొక్కెం, బండి, నేను. అన్వయం క్షణంలో కుదిరింది.

"ఓయి సారథీ! రథమును నిలుపుము!" అన్నాను.

ఆ కంగారులో కూడా 'రథమును'లోని ద్రుతం, ఆ 'ను', తప్పలేదు, గమనించండి. కానీ జాన్‌పాల్ లారీల మనిషి, కాలు గట్టిగా తొక్కుతాడు. బండి ముందుకు దూకింది. నేను పైకి దూకాను! బండి ఎంత ముందుకు పోతే నేనంత పైకి! ఆకులు మొహాన కొట్టుకుంటూ కిందికి పోతున్నాయి.

"నిలుపుమయ్యా!... ఆపవయ్యా!... ఆపురా నాయనా!... ఓ అవ్వా!"

వ్యాకరణం పొర తరువాత పొర ఊడిపోయింది. చివరికి మిగిలింది మా అమ్మమ్మ భాష ఒక్కటే. హెల్మెట్ పంగకు ఠంగున తగిలింది. సరిగ్గా అప్పుడే శారద, "సాలు సాలు, తొక్కింది!" అన్నది. బండి ఆగింది.

నేను ఆ ఎండుకొమ్మ పక్కనే వేలాడుతున్నాను. కింద ప్రపంచం విస్తరాకంత ఉన్నది. రెండు చేతులతో ఆ కొమ్మను వాటేసుకున్నాను. ఎదురుగా కాకిగూడు. ఇల్లాలు గూట్లోనే ఉన్నది. నన్ను అతిథిగా అంగీకరించలేదు. హెల్మెట్ మీద టకటకా పొడవడం మొదలుపెట్టింది.

"బావా! ఎందుకు గంత మీదికి పోయినవ్?" అని అరిచాడు సుధాకర్.

"నేను పోలేదురా! పంపబడ్డాను! దింపు!"

సుధాకర్ తాడు చుట్ట కోసం పరుగెత్తాడు. చుట్ట ఎక్కడున్నది? ముందుకు జరిగిన బండి వెనుక చక్రం కింద! నిండు బండి దాని మీద నిలబడి ఉన్నది. వాడు లాగాడు, తన్నాడు, కూర్చున్నాడు.

"బావా, బండి కదిలితేనే చుట్ట వస్తది. ముందుకు తీద్దామా?"

"ముందుకా? ముందుకు తీస్తే ఈ పంగలోంచి నన్ను పిండుతావురా! వెనక్కు! వెనక్కు నడపమను!"

జాన్‌పాల్ గేరు మీద చెయ్యి వేశాడు. శారద బండికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"వెనకకు నడపొద్దు జాన్!"

"ఏమే! నేను ఇక్కడ..."

"మీరే చెప్పిన్రు గద! పని అయ్యేదాంక బండి వెనకకు రావద్దని. పొద్దుగాల పది గజాలు పోనియ్యలే. ఊరంత తిప్పిన్రు. ఇప్పుడు నిమ్మకాయలు కూడ తొక్కినంక వెనకకు తీస్తే? నా తమ్ముని పని ఏమైతదో! వానికి దుకాణమే గతా?"

"శారదా, ఇది ఆపద్ధర్మం! ఆపద వచ్చినప్పుడు నియమాలు సడలుతాయి!"

"ఆపద ఏడుంది? తాడు పట్టు వదలదని మీరే పద్యం చెప్పిన్రు."

"నాకు నిమ్మకాయల పట్టింపు లేదు సార్" అన్నాడు జాన్‌పాల్ కిటికీలోంచి తల బయటపెట్టి. "మేము చర్చికి పోయేటోళ్ళం. అమ్మ సరే అంటే ఇప్పుడే తీస్త. అమ్మ వద్దంటే మాత్రం నాతోని గాదు."

లింగయ్య గారు పైకి చూసి నోటికి చేతులు అడ్డం పెట్టుకొని, "పంతులుగారూ, శకునం విషయంలో నేనూ ఒప్పుకోనండీ! ఇంకేదైనా మార్గం చెప్పండి, మీకు తెలియని శాస్త్రముందా!" అన్నారు.

నా నియమాన్ని నేనే చెట్టుమీద ఉండి ఖండించవలసి వచ్చింది! ఏ పండితుడికీ ఈ దుర్గతి పట్టకూడదు. కాకి పొడుస్తున్నది. జీను తొడల సందున కోస్తున్నది. మోకాలు బెరడుకు గీసుకుపోయి మండుతున్నది. కళ్ళు మూసుకున్నాను. మెరుపువలె తట్టింది.

"శారదా! ముందు అంటే ఏది?"

"ముందే. ఇంకేంది?"

"కాదు! వాహనం జడపదార్థం. జడానికి ముందూ వెనుకా లేవు. నడిపేవాడి ముఖం ఎటున్నదో అదే ముందు. సారథి ఇటు తిరిగి కూర్చుంటే ఇదే ముందు! బండి ఇటు వస్తే అది పురోగమనమే!"

లింగయ్య గారు గడ్డం నిమురుకున్నారు. "పాయింటే!" అన్నారు.

"సార్, రివర్స్ చేసేటప్పుడు నేను ఎప్పుడైనా వెనకకే సూస్త" అన్నాడు జాన్‌పాల్.

"వెనకకు అనకు! ముందుకే చూస్తావు! అను!"

"ముందుకే సూస్త సార్."

శారద ఆలోచించింది. నాకు తెలుసు ఆ ఆలోచన. అది తేలిగ్గా వదలదు. "అట్లయితే సరే" అన్నది చివరికి. నేను మైసమ్మకు మనస్సులోనే మొక్కాను. "గానీ ఇప్పుడు ఇది ముందయింది గద? మరి ఇటుదిక్కు చక్రాలకు నిమ్మకాయలు పెట్టాలె!"

తెచ్చిన నిమ్మకాయలు నలిగిపోయాయి. లింగయ్య గారు ఉత్సాహంగా వంటవాళ్ళను కేకేసి, పెళ్ళి కోసం తెచ్చిన నిమ్మకాయల బస్తానే తెప్పించి ట్రాలీలో పెట్టించారు. శారద ఒక్కొక్కటి తీసి చూస్తున్నది. "ఇది మచ్చున్నది... ఇది మెత్తబడ్డది..."

"ఏదో ఒకటి పెట్టవే!"

"అరిష్టపు మాటలు అనకండి మీద కూసొని!"

కూర్చున్నానట! చివరికి రెండు కాయలు కుదిరాయి. జాన్‌పాల్ తల పూర్తిగా వెనక్కు, కాదు, ముందుకు తిప్పి గేరు వేశాడు. సుధాకర్, "బావా, కొమ్మ ఇడిసిపెట్టు! చేతులు ఇడువు!" అని అరుస్తున్నాడు. నేను విడిచిపెట్టలేదు. ఆ క్షణంలో నాకు లోకంలో ఉన్న ఆత్మబంధువు ఆ కొమ్మ ఒక్కటే. దాన్ని ఎలా విడుస్తాను?

బండి కదిలింది. తాడు వదులైంది. నా భారమంతా, ఇన్నేళ్ళ బొబ్బట్ల భారమంతా, ఒక్కసారిగా ఆ ఎండుకొమ్మ మీద పడింది.

ఫెళ్ళుమన్నది!

కొమ్మ మొదలంటా విరిగింది. నా కౌగిట్లోంచి జారి, గాలిలో ఒక పల్టీ కొట్టి, షెడ్డుకు జానెడు ఎడంగా దిగి, అక్కడ బోర్లించి ఉన్న అన్నపు గుండిగ మీద పడింది. ఢాం! ఆ మోత కోదాడ ఊరంతా విన్నది. వంటవాళ్ళు గరిటెలతో బయటికి పరుగెత్తారు. నేనేమో రెండు మూరలు జారి, తాడు అందుకోగానే పైకొకసారి కిందికొకసారి ఎగిరి, గడియారం లోలకంలాగా ఊగుతూ దిగడం మొదలుపెట్టాను. జాన్‌పాల్ కూడా నన్నే చూస్తూ బ్రేకు మరిచాడు. బండి చెట్టుకిందికి వచ్చేసింది. నేను నేరుగా ట్రాలీలోకి, నిమ్మకాయల బస్తా పక్కన, పద్మాసనంలో కూర్చున్నట్టుగా దిగాను. ఎవరూ నన్ను చూడడం లేదు. అందరూ కొమ్మను చూస్తున్నారు.

లింగయ్య గారు కొమ్మ చుట్టూ తిరిగారు. షెడ్డు చూశారు, రేకు చెక్కుచెదరలేదు. చెట్టు వైపు చూశారు. తరువాత నా వైపు చూశారు. ఆ చూపులో భక్తి ఉన్నది.

"రంపం మోత లేదు, పొట్టు లేదు, పెట్రోలు వాసన లేదు! ఐదు నిమిషాల్లో కొమ్మ కింద! ఏమయ్యా సుధాకర్, విదేశాల్లో ఇట్లాగే చేస్తారా?"

సుధాకర్ నోరు తెరిచాడు. నేను ట్రాలీలోంచి వాడిని చూశాను. శారద వాడిని చూసింది. వాడి కళ్ళలో ఎరువుల దుకాణం, యూరియా బస్తాలు, తుమ్ములు, అన్నీ కదిలాయి.

"అవ్... అవును సార్. లేటెస్ట్ టెక్నిక్."

"మూడు హాళ్ళూ నీవే పో!"

సుధాకర్ వచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడు. జీను విప్పుతున్నాడేమో అనుకున్నాను, ఏడుస్తున్నాడు. శారద, "సూసిన్రా, వెనకకు తియ్యకుండ ఆపిన గాబట్టి పని అయింది" అన్నది. వాదించే ఓపిక నాకు లేదు.

ఇంతవరకూ అయితే ఇది శుభాంతమే. నిన్న సాయంత్రం మోకాలికి కాపడం పెట్టుకుంటుంటే సుధాకర్ ఫోను చేశాడు.

"బావా, మంచిగున్నవా? మా మామ ఇగ దుకాణం ముచ్చటే ఎత్తుతలేడు బావా. అల్లుడు పెద్ద కాంట్రాక్టరని ఆత్మకూరంత చెప్పుకుంటుండు."

"సంతోషం నాయనా."

"లింగయ్య సారు ఫోన్ చేసిండు. మిర్యాలగూడల హాలు ముందట పెద్ద చింతచెట్టున్నదట. వచ్చే ఆదివారం రమ్మంటుండు." ఆగాడు. వాడు ఆగితే నాకు భయం. "గానీ బావా... రంపం తేవద్దంటుండు. బండి తెస్తే సాలంట. బండి, నిమ్మకాయలు, ఇగ... పంతులుగారు."

కాదనడానికి మంచి శ్లోకం కోసం వెతికాను. ఎన్నో గుర్తుకు వచ్చాయి. వంటింట్లోంచి శారద తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. ఫోనులో అవతల సుధాకర్ ఊపిరి బిగబట్టి ఉన్నాడు, తుమ్ము వచ్చేముందు మనిషి బిగబట్టినట్టు.

గొంతు సవరించుకొని, వృత్తిలో ఉన్నవాడు అడగవలసిన ప్రశ్నే అడిగాను.

"కొమ్మ ఎండినదా, పచ్చిదా?"